నేటి సాయంకాలపు కార్యక్రమములు

నాటకమును గూర్చియు, సంగీతసభను గూర్చియు, చలనచిత్రమును గూర్చియు విమర్శ వ్రాయువారు మనలో పెక్కుమంది కలరు. ఆ నాటకము నేటి సాయంకాలము ఏడున్నర గంటలకు వచ్చునని ముందుగా చెప్పిన నాలుగు మాటలను గూర్చి విమర్శ వ్రాసినవారిని మాత్రము మేము ఎరుగము. అది విమర్శకు తగిన వస్తువు కాదని కొందరందురు. పెండ్లి భోజనమును మెచ్చుకొనువారు పెండ్లి పిలుపును గూర్చి మాట్లాడరు గదా యని వారి భావము. కాని పిలుపు అందని ఇంటివారికి భోజనపు రుచితో పనియేమి? తెలుగునాటికి వెలుపల తరతరములుగా స్థిరపడిన మన వంటివారికి దూరదర్శన్ సాయంకాలపు తెలుగు కార్యక్రమముల విషయములో జరిగినది సరిగా ఇదియే. కార్యక్రమములు నేడు మన ఇండ్లకు వచ్చుచున్నవి. పిలుపు మాత్రము వచ్చుట లేదు.

ఈ పిలుపునకు ఒక చరిత్ర కలదు. అది బొమ్మల పెట్టెతో పుట్టినది కాదు, రేడియోతో పుట్టినది. 1938 జూన్ 16వ తేదీన మదరాసు రేడియో కేంద్రము వెలసినప్పుడు అది తమిళమునకును తెలుగునకును ఉమ్మడి ఇల్లు. 1948 డిసెంబరు 1వ తేదీన విజయవాడ కేంద్రము ప్రారంభమగువరకు కోస్తా, రాయలసీమ జిల్లాలవారు తమ తెలుగు పాటలకును ప్రసంగములకును మదరాసు వంకకే చెవియొగ్గవలసియుండెను. రాబోవు కార్యక్రమములను ప్రకటించుటకై ఆకాశవాణి ‘వాణి’ యను తెలుగు పత్రికను నడపినది. ఆ పత్రికను తెప్పించుకొని, తమకు కావలసిన కచేరీల క్రింద పెన్సిలుతో గీతలు గీచి, గోడ గడియారము ప్రక్కన వ్రేలాడదీసిన పెద్దలు మా ఎరుకలోనే ఉండిరి. రాత్రి కచేరీ కొరకు ఉదయము నుండి ఎదురుచూచుట వారికి ఆ కచేరీలో ఒక భాగమే. కచేరీ నాసిగా ఉన్న రోజున కూడ ఆ ఎదురుచూపు వృథా పోయినదని వారెన్నడును అనలేదు.

టెలివిజన్ కథ వేరు. దూరదర్శన్ 1959 సెప్టెంబరు 15న ఢిల్లీలో ప్రయోగముగా మొదలైనది. బొంబాయికి 1972లోను, మదరాసునకు 1975 ఆగస్టులోను, హైదరాబాదునకు 1977 అక్టోబరు 23వ తేదీనను, బెంగుళూరునకు 1981లోను చేరినది. ఈ తేదీలను వరుసగా చూచినవారికి ఒక విచిత్రము కనబడును. మదరాసులోని తెలుగువారు హైదరాబాదులోని తెలుగువారికంటె రెండేండ్లకు పైగా ముందుగనే టెలివిజన్ చూచిరి, తమిళములో చూచిరి. ఇందులో ఎవరి తప్పును లేదు. మదరాసు కేంద్రము తమిళనాటి కేంద్రము. శుక్రవారము సాయంకాలము ‘ఒళియుం ఒలియుం’ వచ్చు వేళకు మా వీధిలో పెట్టె ఉన్న ఇంటి ముందర చెప్పులు గుట్టలుగా పడియుండెడివి. ఆ చెప్పులలో తెలుగు చెప్పులేవో తమిళ చెప్పులేవో ఎవ్వరును వేరుపరుపజాలరు. ఆ తమిళ పాటలలో పి. సుశీల గొంతో, ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యము గొంతో వినవచ్చినప్పుడు మా పెద్దలు ‘మనవాళ్లే’ యని మురిసిపోయెడివారు. పొలము పనుల కార్యక్రమమైన ‘వయలుం వాళ్వుం’ను పొలము ముఖమెరుగని మా ఇండ్లలో సైతము శ్రద్ధగా చూచితిమి. బొమ్మ నిలిచిపోయినప్పుడు తెరపైకి వచ్చు ‘తడంగలుక్కు వరుందుగిఱోం’ అను పలక మా పిల్లలు చదువ నేర్చిన మొదటి తమిళ వాక్యములలో ఒకటి. హైదరాబాదులో అదే పలక ‘అంతరాయానికి చింతిస్తున్నాము’ అని యుండునని వారికి వేసవి సెలవులలో బంధువుల ఇంటికి పోయినప్పుడు గాని తెలిసినది కాదు.

ఆ దినములలో టెలివిజన్ తరంగము చూపు పోయినంత దూరమే పోయెడిది. భూమి వంపు దాటి పోజాలదు. కనుక హైదరాబాదు బొమ్మ మదరాసునకు గాని, బరంపురమునకు గాని, చంద్రపురమునకు గాని నేరుగా వచ్చుట కల్ల. సరిహద్దు ఊళ్లలో ఆశ చావనివారు ఇంటి కప్పుపై ఇనుప గొట్టములను ఒకదానిపై నొకటి నిలిపి, అల్యూమినియము ఏంటెనాను తెలుగు జిల్లాల వైపు త్రిప్పి, బూస్టరు తగిలించి, ఇసుక వాన వంటి చుక్కల నడుమ ఒక ముఖమును చూచి తృప్తిపడిరి. జాతీయ ప్రసారములో ఆదివారము మధ్యాహ్నము భారతీయ భాషల చిత్రములను వంతులవారిగా ప్రదర్శించిన కాలమున, తెలుగు వంతు వచ్చినదని తెలిసిన వారము మన ఇండ్లలో పండుగ. ఆ వంతు వచ్చుచున్నదని చెప్పునది ఏది? వారము ముందుగా వినబడిన ప్రకటనయే. అట్లు మనకు కార్యక్రమముకంటె ముందుగా ప్రకటన ప్రియమైనది.

ఇక ఆ ప్రకటన గుణదోషముల మాట. వేసవిలో హైదరాబాదు పోయినప్పుడెల్ల మేము కార్యక్రమములకంటె ప్రకటనకర్తలనే ఎక్కువ శ్రద్ధతో గమనించితిమి. ప్రసారము మొదలగునప్పుడు ఒక స్త్రీయో పురుషుడో తెరపైకి వచ్చి, నమస్కరించి, ఆనాటి సాయంకాలమునకు ఏమేమి వచ్చునో వరుసగా చెప్పెడివారు. ముగింపున మరునాటివి చెప్పెడివారు. ఆ మాటతీరు బిగువుగా ఉండెడిది. ముఖములో నవ్వు కొలతకు మించెడిది కాదు. సంస్కృత సమాసముల బరువు కొంత ఎక్కువే. ఒక్కొక్కప్పుడు చెప్పవలసినది చెప్పి ముగించినను కెమెరా వదలిపెట్టక, పాపము, ఆ మనిషి ఎటు చూడవలెనో తెలియక మన వంకనే చూచుచు నిలిచిపోయెడిది. ఈ దోషములను ఒప్పుకొనుచునే మేము చెప్పునదేమనగా, ఆ ప్రకటన సంపూర్ణమైన తెలుగు వాక్యములలో ఉండెడిది. రచయిత పేరు, గాయకుని పేరు, వయొలిన్ వాయించువారెవరు, మృదంగము వాయించువారెవరు, ఏ ఊరివారు, ఎంతసేపు, ఇవన్నియు కర్త, కర్మ, క్రియలతో వినబడెడివి. క్రియాపదముతో వాక్యమును ముగించుట యనునది ఇప్పుడు చిన్న విషయముగా తోచవచ్చును. తెలుగు క్రియ వినబడని ఊరిలో పెరుగు పిల్లవానికి అది చిన్న విషయము కాదు. ఇంటిలో అమ్మ ‘రా, తిను, పడుకో’ అనును. ‘సమర్పిస్తున్నారు, ఆలపించనున్నారు, పాల్గొంటారు’ అను మాటలు ఇంటిలో ఎవరందురు?

ఈ ప్రకటనల నడుమ నడిచిన కార్యక్రమములను గూర్చి తెలుగునాటివారు కావలసినంత వ్రాసియున్నారు, మేము విస్తరింపము. ‘చిత్రలహరి’ పాటలు, ధర్మవరపు సుబ్రహ్మణ్యము ‘ఆనందో బ్రహ్మ’ నవ్వులు, ప్రేక్షకుల ఉత్తరములకు బదులిచ్చిన ‘జాబులు జవాబులు’, వీని పేర్లు చాలును. ఒక్క వార్తల విషయము మాత్రము ఆగి చెప్పవలసియున్నది. 1983 నవంబరు 14వ తేదీన హైదరాబాదు దూరదర్శన్‌లో తొలి తెలుగు వార్తలను చదివినవారు శాంతిస్వరూప్. చూచి చదువుటకు తెరపై అక్షరములు నడపు యంత్రము లేని ఆ తొలి కాలమున వారు వార్తలను చాలవరకు కంఠస్థము చేసి చెప్పిరని ప్రసిద్ధి. 2024 ఏప్రిల్ 5వ తేదీన వారు మరణించిరి. ఆ దినమున తెలుగునాట వెలువడిన నివాళులు అన్నింటిలోను ఆ కంఠమును గూర్చిన మాటయే ముందు వచ్చినది. దూరదర్శన్ అనగా బొమ్మ యని అందరును అనుకొందురు; జనులు నలుబది యేండ్లు దాచుకొన్నది కంఠమును.

1990ల దశకములో ఉపగ్రహము వచ్చి పాత అడ్డంకిని తీసివేసినది. తరంగమునకు భూమి వంపుతో పని లేకపోయెను. 2004 డిసెంబరులో దూరదర్శన్ నెలసరి రుసుము లేని డిష్ ప్రసారమును ప్రారంభించినది. ఇప్పుడు దానికి ఫ్రీ డిష్ అని పేరు. రాష్ట్ర విభజన జరిగిన 2014లో, సెప్టెంబరు 27 నుండి ఆంధ్రప్రదేశ్‌కు సప్తగిరి, తెలంగాణమునకు యాదగిరి అని రెండు తెలుగు చానళ్లు ఏర్పడినవి. నేలపై నిలిచిన పాత ట్రాన్స్‌మిటర్లలో దాదాపు అన్నియు 2022 నాటికి మూతపడినవి. 2024 నవంబరులో ప్రసారభారతి ‘వేవ్స్’ అను వేదికను తెచ్చి చరవాణిలో సైతము తన చానళ్లను చూచు వీలు కల్పించినది. అనగా, ఇనుప గొట్టములు ఎక్కించినవారి మనుమలకు నేడు ఒకటి కాదు, రెండు సర్కారు తెలుగు సాయంకాలములు చేతిలోనే కలవు. కలిగియు లేనట్లే యున్నవేమి?

మా సమాధానము ఇది. చానలు వచ్చినది, ప్రకటనకర్త వెడలిపోయినారు. రాబోవు కార్యక్రమమును చెప్పు పని ఇప్పుడు తెర అడుగున పరుగెత్తు అక్షరములకును, సంగీతపు హోరుతో మెరిసి మాయమగు ప్రకటన చిత్రములకును అప్పగింపబడినది. హైదరాబాదులోనో విజయవాడలోనో కూర్చున్నవారికి దీనివలన నష్టము లేదు. వారు అక్షరములను చదువుకొందురు. నష్టము మనకు. మన పిల్లలలో తెలుగు మాటలాడువారు కలరు, తెలుగు చదువువారు అరుదు. తమిళనాట 2006 నాటి చట్టము వలన బడులలో తమిళము తప్పనిసరి యైనది. 2006-07లో ఒకటవ తరగతితో మొదలై ఏటేట ఒక్కొక్క తరగతి పైకి ప్రాకి 2015-16 నాటికి పదవ తరగతిని చేరినది. ఉండు నాటి భాష నేర్వవలెననుటలో మాకు పేచీ లేదు, నేర్చితిమి, నేర్చుచున్నాము. కాని దాని ప్రక్కన తెలుగు అక్షరము కూర్చుండుటకు చోటు చిక్కిన బడులు నానాటికి తగ్గినవి. చెవికి మాత్రమే తెలుగు తెలిసిన ఒక తరము మన ఇండ్లలో పెరిగినది. ఆ తరమునకు, వ్రాతలో పరుగెత్తు తెలుగు ప్రకటన చీమలబారుతో సమానము. చెప్పిన ప్రకటన అయినచో వారు వినగలరు, అర్థము చేసికొనగలరు, ‘అమ్మమ్మా, ఏడున్నరకు హరికథ యట’ అని లోపలికి కేక వేయగలరు. అక్షరములతో వ్రాసి పిలుచుట, చదువ రానివానికి శుభలేఖ పంపుట వంటిది. చూపు మందగించిన మన వృద్ధుల స్థితియు ఇంతే. వారికి అక్షరము వచ్చును, అది పరుగెత్తు వేగము మాత్రము రాదు.

ఇది ఎందరి మాట? 2011 జనాభా లెక్కలలో తెలుగు తమ మాతృభాషగా చెప్పినవారు తమిళనాట 42 లక్షలకు పైబడియుండిరి. కర్ణాటకమున 35 లక్షలకు పైగాను, మహారాష్ట్రమున 13 లక్షలకు పైగాను, ఒడిశాలో 6 లక్షలకు పైగాను ఉండిరి. ఈ నాలుగు నాడుల తెలుగువారిని ఒకచోట చేర్చిన అదియొక చిన్న రాష్ట్రమంత జనము. వీరందరును చదువ రానివారని మేము అనము. వీరిలో సగమునకు చదువ వచ్చుననుకొన్నను, మిగిలిన సగమును పిలువకుండుట చిన్న లోపమా?

పిలుపు తీరులో రెండవ లోపము కలదు. అది కంఠమునకు కాక సంబోధనకు సంబంధించినది. రెండు చానళ్ల సాయంకాలపు మాటలలోను ‘మన రాష్ట్రము’ అను పదము తరచుగా దొర్లును. వ్యవసాయ కార్యక్రమములో చెప్పిన పథకము మన రైతునకు వర్తింపదు. వాతావరణము చెప్పునప్పుడు పటము సరిహద్దు గీత వద్ద ఆగిపోవును. అనంతపురము దాటిన వాన బళ్లారిలో పడదన్నట్లు, చిత్తూరు ఎండ కృష్ణగిరిని తాకదన్నట్లు. సర్కారు చానళ్లు రాష్ట్రముల కొలతతో ఏర్పడినవి గాని భాష కొలతతో ఏర్పడినవి కావు; కావున ఆ మాట వారి నోట వచ్చుట సహజమే. తప్పు పట్టుటకు కాదు మేము వ్రాయునది. అయినను ‘మన తెలుగువారు’ అను మాటకును ‘మన రాష్ట్రము’ అను మాటకును నడుమ లక్షల మంది నిలుచుండియున్నారన్న ఎరుక వారమునకొక్క సాయంకాలమైనను ఆ తెరపై కనబడిన చాలును. మన హోసూరు తెలుగు, మన గంజాము తెలుగు, మన సోలాపురము పద్మశాలీల తెలుగు ఆ తెరపై హాస్యమునకు గాక మామూలు మాటగా వినబడిన ఒక్క అరగంటను మేము ఇంతవరకు చూచియుండలేదు.

ఇందుకు యానాము ఒక వింత ఉదాహరణము. పాలన పుదుచ్చేరిది, ఆ ప్రభుత్వపు ప్రధాన పీఠము తమిళ సీమలో ఉన్నది. కాని యానాము చుట్టును గోదావరి సీమయే యగుటచేత అక్కడివారి గాలియంతయు తెలుగే. రాష్ట్రము వేరైనను భాష చేతికందినది. భూగోళము వారికి చేసిన మేలును మనకు చేయలేదు. కనుక మనకు మనుష్యులు చేయవలసియున్నది.

చేయుట కష్టమా? 1975 ఆగస్టు నుండి 1976 జూలై వరకు ఆరు రాష్ట్రములలోని 2400 పల్లెలకు ఉపగ్రహము ద్వారా టెలివిజన్ చూపిన ‘సైట్’ అను మహాప్రయోగము నడిచినది. ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, ఒడిశా పల్లెలు కూడ అందులో ఉండెను. ఒక బొమ్మతోపాటు రెండు ధ్వనులను పంపగల వెసులుబాటు ఆనాటి ప్రసారములోనే కలదు. అనగా ఒక తెరను రెండు భాషలవారు పంచుకొనవచ్చునన్న సంగతి మన యింజనీర్లకు సుమారు అర్ధశతాబ్దముగా తెలిసియున్నదే. మేము అడుగునది అంతటిది కూడ కాదు. చెన్నపట్టణపు చానలులో తెలుగు ధ్వని పెట్టుమని మేము కోరము. సప్తగిరిలోను యాదగిరిలోను సాయంకాలము వార్తలకు ముందు మూడు నిమిషములు ఒక మనిషి వచ్చి కూర్చుండి, ఆ రాత్రి ఏమేమి కలవో నోటితో చెప్పవలెను. అందుకు కొత్త ఉపగ్రహము అక్కరలేదు. ఒక కుర్చీయు, ఒక మంచి కంఠమును చాలును. ఆ మూడు నిమిషములలో ఒక్క మాట ‘ఇతర రాష్ట్రములలోని తెలుగు ప్రేక్షకులకు’ అని యున్నచో, దాని విలువ ఇక్కడ ఎంతయో అక్కడివారు ఊహింపజాలరు.

దోషమంతయు అవతలి గట్టునదే యని వ్రాసిన మేము సత్యవాదులము కాము. రేడియో కాలమున కార్డు కొని, మూడు పంక్తులు వ్రాసి, పాట బాగున్నదనియో బాగులేదనియో తెలిపిన పెద్దల వంశమున పుట్టి, మనము ఎన్ని ఉత్తరములు వ్రాసితిమి? సర్కారు చానలులో కూచిపూడి నడుచుచుండగా రిమోటు నొక్కి, అత్తయు కోడలును ఒకరినొకరు మూడు కోణములలో ఉరిమి చూచుకొను ధారావాహికకు పోయినవారము మనమే. సంఘ సమావేశములలో దూరదర్శన్‌ను మెచ్చుకొనుటయు, ఇంటిలో దానిని చూడకుండుటయు మనకు అలవాటైనది. ఎవరును చూడని చోట ఎవరిని పిలుతురు? ఈ ప్రశ్న ఆ కేంద్రములవారు మనలను అడిగినచో మేము తలవంచుకొనవలసినదే.

అందుచేత మా సంఘములో గత కొన్ని నెలలుగా ఒక చిన్న యేర్పాటు చేసికొంటిమి. ఆదివారము సాయంకాలము తెలుగు తరగతి ముగిసిన పిదప ఆ రాత్రి రెండు చానళ్లలో వచ్చు కార్యక్రమముల పట్టికను పెద్దలెవరైనను పెద్ద అక్షరములతో నల్లబల్లపై వ్రాయుదురు; పిల్లలలో ఒకరు లేచి నిలిచి, పాత ప్రకటనకర్త వలె నమస్కరించి, దానిని పూర్తి వాక్యములుగా చేసి చెప్పవలెను. మొదటి ఆదివారము నిలిచిన బాలుడు పదియేండ్లవాడు. ‘భక్తి సంగీతం’ అను దానిని ‘బక్తి సంగీదం’ అని పలికెను. అతడు చదువుకొన్న లిపిలో భ, బ, ప మూడింటికి ఒక్కటే అక్షరము మరి. వెనుక వరుసలో ఎవరో నవ్విరి. ముందు వరుసలోని ఒక ముసలమ్మ వెనుకకు తిరిగి వారిని చూచి, ‘భ, పొట్టలో నుంచి అను నాయనా’ అని వానికి చెప్పినది. వాడు ఊపిరి పీల్చి మరల చెప్పినాడు. ఆ కార్యక్రమము ఏడున్నరకు ఉండుటచేత మా కార్యదర్శి వందన సమర్పణను రెండు మాటలతో ముగించి అందరిని ఇండ్లకు పంపివేసెను.